మూడో ప్రకటన

గంపెడు బొగ్గు నెత్తిన పెట్టుకుని ఓడలెక్కే ఆడదానికి గుళ్లో పెళ్లి ప్రకటన మీద ఇంత పంతమేమిటని సెయింట్ థామస్ దీవిలో రేవంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అంది పెట్రీన్. బొగ్గు మోసేవాళ్ల ఇళ్లల్లో కలిసి కాపురం పెట్టడమే గాని పెళ్లి దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ఆమె కాపురమూ అలాంటిదే. తన మనిషి పనామా కాలవ పనికి వెళ్లి అక్కడే పోతే, ఆ కబురు కూడా ఈమెకి పంపినవాళ్లు లేరు. భార్య అని ఎవరికి తెలుసు గనక? కూతురు అంకిల్లాకి ఆ గతి పట్టకూడదు. పైగా దానికి నాలుగో నెల.

కాబోయే అల్లుడు హిన్రిక్ జర్మను ఓడలో బాయిలరుకి బొగ్గు ఎగదోసేవాడు. ఐరోపాలో యుద్ధం మొదలవగానే ఆ ఓడ, ఏ పక్షానా చేరని డెన్మార్కు వాళ్ల ఈ రేవులో తలదాచుకుని మరి కదల్లేదు. వాడూ అంతే. పెట్రీన్ చేతి మొక్కజొన్న సంకటీ చేపల పులుసూ తిని ఈ ఊరివాడైపోయాడు.

"అత్తా, సర్కారు కచేరీకెళ్లి సంతకాలు పెడితే రేపే పెళ్లైపోతుంది కదా," అన్నాడు వాడు.

"దొంగచాటుగానా? మూడు ఆదివారాలు మీ పేర్లు గుళ్లో చదవాలి. ఊరంతా వినాలి."

మొదటి ఆదివారం చదివారు. కూతురి పేరు వినగానే పెట్రీన్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ శనివారం డెన్మార్కు జెండా దించి అమెరికా జెండా ఎగరేశారు. జర్మన్లు ఈ రేవుని ఎక్కడ లాక్కుంటారోనని అమెరికా వాళ్లు ముందే దీవుల్ని కొనేసుకున్నారు.

"మనల్ని ఒక్క మాటైనా అడగలేదేమే?" అంది తోటి బొగ్గుమనిషి లోవీసా.

"గంపలో బొగ్గుని ఏ ఓడెక్కుతావమ్మా అని నువ్వెప్పుడైనా అడిగావా?" అంది పెట్రీన్. ఇద్దరూ నవ్వారు గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మర్నాడు రెండో ప్రకటన అయింది. గుడి బయట హిన్రిక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అత్తా, రేవులో మాటలు బాగోలేవు. అమెరికా మా జర్మనీ మీదకి యుద్ధానికి దిగేలా ఉంది. రేపే కానిచ్చేద్దాం."

"ఇప్పుడేం కొంపలు మునిగాయిరా? ఒక్క ఆదివారమేగా!"

గుడ్ ఫ్రైడే నాడు అమెరికా యుద్ధంలోకి దిగింది. సైనికులొచ్చి, సంకటి ముందు కూర్చున్న హిన్రిక్‌ని లేపి తీసుకుపోయారు. అంకిల్లా ఏడవలేదు.

"నీ ప్రకటన నువ్వే ఉంచుకో అమ్మా," అంది. దానికంటే లాగి చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది పెట్రీన్‌కి.

ఈస్టరు ఆరాధనలో పాస్టరు గారు మిగతా జంటల పేర్లు చదివి పుస్తకం మూశారు. ముందు బల్ల మీద తెల్ల దుస్తుల్లో కొత్తగా వచ్చిన అమెరికా అధికారి ఒకాయన కూర్చుని ఉన్నాడు. పెట్రీన్ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒకటి మిగిలిపోయింది."

"చదివి ఏం లాభమమ్మా? అతనిప్పుడు శత్రువు."

"ఎవరికి?"

ఆయన అధికారి వైపు చూశారు. "మనకే. మొన్న శుక్రవారం నించి."

"పోయిన వారం అభ్యంతరమున్నవాళ్లు చెప్పమంటే ఎవరూ నోరెత్తలేదు. ఇవాళా అడగండి. ఉన్నవాళ్లు లేచి చెప్తారు."

ఆయన పుస్తకం తెరిచి మెల్లగా చదివారు. అభ్యంతరముందా అని అడిగారు. అధికారి ఒళ్లో టోపీని సర్దుకున్నాడు. ఎవరూ లేవలేదు.

సోమవారం ఖైదీల్ని తీసుకెళ్లే ఓడకి బొగ్గు ఎక్కించే పని పడింది. పాట లేకుండా గంప ఎత్తని ఆడవాళ్లు ఆ రోజు నోరు విప్పలేదు. గంపతో మెట్లెక్కుతూ పెట్రీన్ పైన కమ్మీల దగ్గర హిన్రిక్‌ని చూసింది.

"మూడోదీ చదివేశార్రా!" అని అరిచింది. "ఎవ్వరూ లేవలేదు!"

వాడు టోపీ తీశాడు. కాపలావాడు లోపలికి నెట్టేశాడు.

ఆ ఓడని కదిలించేది తన నెత్తిమీది బొగ్గేనని పెట్రీన్‌కి తెలుసు. గంప కుమ్మరించి, ఇంకో గంపకి కిందికి దిగింది.