ఎగువ బాణం తీసేస్తే

నాగరాజు బతికే ఉండి, మేమెవరం వెతకని చోట ఉన్నాడేమోనన్నదే నాకున్న పెద్ద భయం.

నాగరాజు నా భర్త. గోదావరిలో నాటు పడవ నడుపుతాడు. అవతలి ఒడ్డున పత్తిచేను దగ్గర చిక్కుకున్న మా అత్త జంపక్కను తీసుకొస్తానని పొద్దున వరదలోనే పడవ వేసుకుని పోయాడు. మధ్యాహ్నం కిరాణా షాపుకు అత్తే ఫోన్ చేసింది. తను ఎలాగో నడిచి అక్కడి ఊళ్లోకి చేరిందట. పడవ మాత్రం రాలేదట.

మామూలు రోజుల్లో మా పడవ రేవు నుంచి నేరుగా పోదు. తాడు కట్టి ఒడ్డు వెంట ఎగువన ఉన్న తుమ్మచెట్టు దాకా లాగి, అక్కడ నీళ్లలోకి వదులుతారు. తెడ్డు వేస్తూ దాటుతుంటే ప్రవాహం దిగువకు ఈడుస్తుంది. లాగిందీ ఈడ్చిందీ చెల్లుకు చెల్లు. పడవ సరిగ్గా ఎదుటి రేవులో ఆగుతుంది. మా పుట్టింటి ఊళ్లోనూ ఇదే పద్ధతి గనుక ఇంటర్‌లో వెక్టర్లనే సదిశల పాఠం నాకు తేలిగ్గా ఎక్కింది. ఎగువకొక బాణం, దిగువకొక బాణం, కలిపితే సున్నా. మిగిలేది నదికి అడ్డంగా ఉన్న బాణం. అదే స్థానభ్రంశం.

ఇవాళ ఒడ్డు మునిగింది. లాగే దారి లేక రేవులోనే పడవ ఎక్కడం నేను చూశాను. అంటే ఎగువ బాణం తీసేయాలి. తీసేస్తే పడవ అవతల, తుమ్మచెట్టు ఎంత ఎగువనో అంతే దిగువన ఉన్న మోటారు షెడ్డు దగ్గర తేలాలి. మా మామ పగిడయ్య ఏ లెక్కా లేకుండానే అదే మాట అత్తకు ఫోన్లో చెప్పాడు. వెతికి, అత్త మళ్లీ ఫోన్ చేసింది. అక్కడ లేడు.

మా చంటిపిల్లను చంకనేసుకుని బొగ్గుముక్కతో గచ్చు మీద మళ్లీ గీశాను. నీళ్లు రెట్టింపు జోరుగా ఉన్నాయని పొద్దున నాగరాజే అన్నాడు. దాటేందుకు పట్టే సేపు ఎప్పటిలాగే అనుకుంటే, దిగువ బాణం రెండింతలు కావాలి. షెడ్డు దాటి, మళ్లీ అంత దూరం. అక్కడ సారపాక కాగితం మిల్లుకు అమ్మే సుబాబుల్ తోట ఉంది.

మామను పిలిచి, తోట దగ్గర చూడమని అత్తకు చెబుదామన్నాను. ఆయన గచ్చు వంక చూశాడు.

“గోదారికి నీ గీతలు కనబడ్తయా బిడ్డా? నా కొడుకు రెండు చేతులేసి తోస్తడు. గంత కిందికి పోనియ్యడు.”

“తోస్తే కొంచెం తగ్గుతది మామా, గంతే. షెడ్డు కాడ లేడు గద మరి.”

ఆయన వంగి, షెడ్డు నుంచి తోట దాకా గీతను వేలితో కొలిచాడు. “అవ్, జల్దీ ఫోన్ జెయ్యి,” అన్నాడు చివరికి.

షాపుకు పరుగెత్తాను. ఫోన్ పని చేయడం లేదు. వంతెనకు పోయే రోడ్డు మునిగి బస్సులూ ఆగిపోయాయి.

నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. తోట దగ్గర గోదావరి వంపు తిరుగుతుంది. నది తిరిగితే బాణాన్ని ఎలా తిప్పాలో, ఆ పాఠం రాకముందే నాకు పెళ్లి చేశారు. అతని చేతిలో తెడ్డు ఉందో లేదో కూడా తెలియదు. తెడ్డు పోతే అడ్డం బాణం కూడా తీసేయాలి. అప్పుడు మిగిలేది గోదావరి ఒక్కటే. ఆ గీత నేను గీయలేదు.

వరద తగ్గి మొదటి బస్సు కదలగానే ఈ కాగితాలు కండక్టర్ చేతిలో పెడతాను. అవతలి ఒడ్డున ఇది చదివేవాళ్లు ఎవరైనా సరే, షెడ్డు దగ్గర ఆగిపోకండి. తోటలోకి నీళ్లెక్కి ఉంటే చెట్ల మీద కూడా చూడండి. నీలం గళ్ల లుంగీ కట్టుకున్నాడు. నాగరాజూ అని పిలిచి, పలుకుతాడేమో ఒక్కసారి చూడండి.