వెనక వరుసలో గురక

అరవై మూడేళ్ళు వచ్చినా ఆమె ఇంకా కోడలే. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చొక్కాలకు కాజాలు కుట్టి రిటైరైంది. కూతురికి పెళ్ళి చేసింది, అమ్మమ్మ అయింది, జుట్టు సగం పైగా నెరిసింది. అయినా ఇంట్లో ఎనభై తొమ్మిదేళ్ళ అత్తగారు ఉన్నారు కాబట్టి ఆమె ఇంకా "అమ్మాయ్" అనే పిలుపుకే పలుకుతోంది. ఆ పిలుపు రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది.

అత్తగారు రెండేళ్ళ కిందట స్నానాల గది గడప దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదని డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పటినుంచి ముందుగదిలో కిటికీ పక్కనున్న మంచమే ఆవిడకు ఇల్లూ వీధీ. బుర్ర మాత్రం పాదరసం. ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రబ్బరు షీటు తుడవాలి, దుప్పటి మార్చాలి, వీపుకు పౌడరు రాయాలి, పాలల్లో నానేసిన రొట్టె తినిపించాలి. రాత్రి కూడా రెండుసార్లు లేవాలి. ఆ రెండుసార్ల మధ్యా కోడలికి పట్టేది నిద్ర కాదు. ఒక చెవి తెరిచి పెట్టుకుని కళ్ళు మూసుకోవడం, అంతే.

అత్తగారికి కొడుకు ఉన్నాడు, కోడలి మొగుడు. సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చెడ్డవాడేం కాదు. పాలు, కూరలు, మందులు తేవడం, ఆస్పత్రిలో క్యూలో నిలబడటం అన్నీ అతనే చూస్తాడు. మంచం దగ్గరి పని మాత్రం అతని చేతికి రాలేదు. మొదట్లో ఒకరోజు తల్లిని పక్కకు తిప్పబోతే ఆవిడ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "మగపిల్లాడివి, ఇవన్నీ నువ్వు చెయ్యడమేంట్రా. అమ్మాయిని పిలువు," అంది. అప్పటికి ఆ మగపిల్లాడికి అరవై ఆరేళ్ళు. అతను బతుకుజీవుడా అని బయటికొచ్చేశాడు. మళ్ళీ ఆ ప్రయత్నం చెయ్యలేదు, ఎవరూ చెయ్యమనలేదు.

ఒక ఉదయం దుప్పటి మార్చడానికి కోడలు మంచం మీదికి వంగింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది. నడుంలో మేకు దిగ్గొట్టినట్టయి, ముందుకు వాలలేక వెనక్కి లేవలేక మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఆమె చేతుల కింద అత్తగారు సగం తిరిగి ఆగిపోయింది.

"ఏమైందమ్మాయ్?"

"నడుం పట్టేసింది అత్తయ్యా. కాస్త ఆగండి."

"ఆగక నేనెక్కడికి పోతాను."

పావుగంట తర్వాత పాల ప్యాకెట్లతో వచ్చిన డ్రైవరు ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా," అంది తల్లి. "ఇద్దర్లో ఎవర్ని ముందు లేపాలో తేల్చుకో."

క్లినిక్‌లో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. వయసులో కోడలి కూతురి కన్నా చిన్నది. "వెన్నుపూసల మధ్య మెత్తటి గుజ్జు అరిగిపోయిందమ్మా. మాత్రలు వారానికే రాస్తున్నా. ఆ తర్వాత మిమ్మల్ని నిలబెట్టేది మీ కండరాలే. యోగా చెయ్యండి. లైబ్రరీ మేడ మీద పొద్దున్నే ఆరింటికి పెద్దవాళ్ళకు క్లాసు చెబుతారు."

"నాకు తీరికెక్కడిదమ్మా?"

"మీరు కూడా పడిపోతే ఇంట్లో రెండో మంచం వెయ్యాలి. అప్పుడు చేసేదెవరు?"

కోడలు మాత్రల చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. దారిలో డ్రైవరే అన్నాడు, "గంటే కదా, వెళ్ళు. ఆ టైంలో అమ్మ పడుకునే ఉంటుంది. నేను కూర్చుంటాలే." కూర్చోవడమంటే మంచం పక్కన కుర్చీలో పేపరు చదవడమని ఇద్దరికీ తెలుసు.

లైబ్రరీ మేడ మీది గది నిండా పాత కాగితం వాసన. బల్లలు గోడకు జరిపేసి, మధ్యలో పదిహేను మంది చాపలు పరుచుకున్నారు. కోడలికి చాప లేదు, ఇంటినుంచి తెచ్చుకున్న పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి వెనక వరుసలో పరుచుకుంది. పాఠం చెప్పే ఆవిడ ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరు. డెబ్భై దాటాయి, ఎండిన కొమ్మలా ఉంటుంది. మెడలో ఈల లేదన్న మాటేగానీ, మాటలే ఈలల్లా పొట్టిపొట్టిగా వచ్చేవి.

చేతులు పైకెత్తమన్నారు, ఎత్తింది. మెడ తిప్పమన్నారు, తిప్పింది. ముందుకు వంగి నేలను తాకమన్నారు. కోడలి చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి.

"అక్కడే ఆగండి," అంది డ్రిల్లు టీచరు పక్కనుంచి పోతూ. "నేల ఎక్కడికీ పారిపోదు. తొందరేం లేదు."

చివర అందరినీ వెల్లకిలా పడుకోమన్నారు. శవాసనం. "ఇప్పుడింక ఏమీ చెయ్యకండి," అంది టీచరు. "పది నిమిషాలు, ఏమీ చెయ్యకండి."

ఆ మాట కోడలితో అన్నవాళ్ళు అంతకుముందు లేరు. పాదాలు వదిలెయ్యండి, పిక్కలు వదిలెయ్యండి, మోకాళ్ళు వదిలెయ్యండి అంటూ టీచరు గొంతు మెల్లగా పైకి వస్తోంది. మోకాళ్ళ దాకా విన్నట్టు గుర్తు. కళ్ళు తెరిచేసరికి గది ఖాళీ. టీచరు ఒక్కతే బల్లలు వాటి చోట్లకు లాగుతోంది.

"ఏడూ ఇరవై," అందామె తల తిప్పకుండానే. "లేపబుద్ధి కాలేదు."

కోడలు చెప్పులు సగం తొడుక్కుని ఇంటికి పరుగు పెట్టింది. అప్పటికే అత్తగారి పక్క తడిసిపోయి ఉంది. డ్రైవరు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఆలస్యమైతే ఫోనన్నా చెయ్యాలి కదా," అన్నాడు. ఆమె బేసిన్ అందుకుంది. కానీ ఆరోజు మధ్యాహ్నం దాకా కళ్ళు మండలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఏడింటికల్లా తట్టి లేపమని టీచరును బతిమాలుకుంది.

రెండు నెలలు గడిచాయి. చేతులు మోకాళ్ళు దాటి పిక్కల దాకా వచ్చాయి. నొప్పి పోలేదుగానీ, పళ్ళు బిగించకుండా మంచం దగ్గర వంగగలుగుతోంది. నిజం చెప్పాలంటే ఆమె వచ్చేది ఆ చివరి పది నిమిషాల కోసమే. మిగతావన్నీ వచ్చినందుకు మర్యాదగా చేసేది. పడుకోమనగానే పడుకునేది, పిక్కలన్నా రాకముందే నిద్రలోకి జారిపోయేది. మనిషి చూస్తే పుల్ల. గురక మాత్రం గది కిటికీలు అదిరేలా పెట్టేది.

ముందు వరుసలో ఒకాయన ఉండేవాడు. ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. చాప అంచు నేల గీతకు సరిగ్గా కలిపి పరుచుకునేవాడు, తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచుకునేవాడు. ఒకరోజు క్లాసయ్యాక ఆయన టీచరుతోనే అన్నాడుగానీ, అందరికీ వినపడేలా అన్నాడు. "టీచరుగారూ, మేం ఇక్కడికి మనశ్శాంతి కోసం వస్తున్నాం. వెనకాల పిండిమర ఆడుతుంటే శాంతి ఎక్కడినుంచి వస్తుంది? నిద్రపోయేవాళ్ళు ఇంట్లో పోవచ్చు కదా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, అయినా నవ్వే.

"అయితే చెవులు వదిలెయ్యడం మీకింకా రాలేదన్న మాట," అంది టీచరు. ఆ మాట కోడలు వినలేదు. దుప్పటి చంకన పెట్టుకుని అప్పటికే మెట్లు దిగిపోతోంది.

మర్నాడు ఆమె వెళ్ళలేదు. "ఏం, ఇవాళ లేదా?" అని డ్రైవరు అడిగితే, "సెలవు," అంది. ఆ మర్నాడూ సెలవే. నాలుగు రోజులు అతను పేపరులోంచి తలెత్తి చూడటం, మళ్ళీ తల దించుకోవడం జరిగింది.

అయిదో రోజు పొద్దున అత్తగారిని తిప్పుతుంటే నడుంలో మళ్ళీ కలుక్కుమంది. ఈసారి ఇరుక్కుపోలేదు. ఎలాగో తిప్పడం పూర్తి చేసి, బేసిన్ పక్కన పెట్టుకుని మంచాన్ని ఆనుకుని నేల మీద చతికిలబడింది. ఏడుపొచ్చింది. ఫ్యాక్టరీ మిషన్ల మధ్య ముప్ఫై ఏళ్ళు పనిచేసినామెకు చప్పుడు లేకుండా ఏడవడం అలవాటే. మంచం మీదినుంచి అత్తగారికి కనపడుతున్నది ఆమె పాపిట ఒక్కటే. ఆ పాపిట కదులుతోంది.

"అమ్మాయ్."

"ఆ, లేస్తున్నా అత్తయ్యా."

"లేవమని పిలవలేదు." ముసలావిడ దుప్పటి అంచు సర్దుకుంది. "ఇన్ని సెలవులు ఎవరిచ్చారే నీకు?"

కోడలు కొంగుతో మొహం తుడుచుకుని, గురక సంగతి, పిండిమర సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే అదొక చిన్నపిల్లల తగువులా అనిపించి మధ్యలో ఆపేసింది. అత్తగారు నవ్వలేదు. కిటికీ వైపు చూస్తూ, "అక్కడ పడుకుంటే నిద్ర పడుతుందా?" అని అడిగింది.

"పడుతుంది."

"ఇక్కడ పట్టదు."

కోడలు బేసిన్ దగ్గరికి లాక్కుంది. అత్తగారు గొంతు పెంచి కొడుకును కేకేసింది. అతను పేపరు చేత్తో పట్టుకునే వచ్చాడు.

"నన్ను అటు తిప్పు," అంది తల్లి.

అతను భార్య వైపు చూశాడు.

"దాన్ని చూస్తావేం. తిప్పమన్నది నిన్ను."

"ఇప్పుడే కదమ్మా తిప్పింది."

"మళ్ళీ తిప్పు. నేర్చుకోవాలి కదా."

"నీకిష్టం ఉండదు కదా."

"ఇప్పుడూ లేదు," అంది ముసలావిడ. "అయినా తిప్పు. సిగ్గుపడటానికి నాకింకేం మిగిలిందిరా."

కోడలు గోడ పట్టుకుని లేచి పక్కన నిలబడి చెప్పింది. దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకోమంది. నడుం వంచొద్దు, మోకాళ్ళు వంచమంది. ఊపిరి వదులుతూ లాగమంది. డ్రిల్లు టీచరు తనకు చెప్పినవే చెబుతున్నానని అప్పుడామెకు తెలియలేదు. ఎంత పెద్ద బస్సునైనా ఇరుకు వీధుల్లో తిప్పిన మనిషి, నలభై కిలోలు కూడా లేని తల్లిని తిప్పడానికి చెమటలు కక్కాడు. దుప్పటి తొలిగిన చోట అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు. తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది, పెదాలు బిగించింది. పౌడరు డబ్బా చప్పుడు తప్ప గదిలో ఇంకేం వినపడలేదు.

అంతా అయ్యాక ఆవిడ గోడ వైపు తిరిగే ఉండి, "బస్సు కూడా ఇలాగే తిప్పేవాడివా? జనం ఎలా బతికార్రా," అంది. అతను పెరట్లోకి పోయాడు. కొళాయి కింద చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, కడిగిన మొహమే మళ్ళీ కడుక్కున్నాడు. కోడలు కిటికీలోంచి చూసిందిగానీ పిలవలేదు.

మర్నాడు ఆమె లైబ్రరీ మెట్లెక్కింది. వెనక వరుసలో ఆమె చోటు ఖాళీగానే ఉంది. ఆరోజు శవాసనంలో నిద్ర పట్టలేదు. గురక వస్తుందేమోనని భయపడుతూ, చెక్కలా బిగుసుకుని పది నిమిషాలూ గడిపింది. క్లాసయ్యాక మెట్ల దగ్గర హెడ్ క్లర్కు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నాలుగైదు రోజులుగా రాలేదు," అన్నాడు.

"ఇంట్లో పనండీ."

ఆయన పక్కకు జరగలేదు. మెట్ల కమ్మీ మీద దుమ్ము వేలితో తుడిచాడు. "ఆరోజు నేనడగాలనుకున్నది వేరమ్మా. నోటికొచ్చింది వేరు. మీకు పడుకున్న వెంటనే అలా ఎలా నిద్ర పడుతుంది?"

ఆమె ఆలోచించింది. నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నాడని అర్థమైంది. "ఇక్కడ నన్నెవరూ పిలవరండీ. అందుకేనేమో."

ఆయన తలూపాడు. "మా ఆవిడ పోయి మూడేళ్ళు. మా ఇంట్లో నన్ను పిలిచేవాళ్ళు లేరు. పడుకున్నానంటే ఎవరో పిలిచినట్టే ఉంటుంది. లేచి కూర్చుంటాను."

ఇద్దరూ మెట్లు దిగారు. ఆయన కమ్మీ పట్టుకుని, ఆమె తన నడుం మీద చెయ్యేసుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ. కిందికొచ్చాక ఆయన అటు, ఆమె ఇటు వెళ్ళిపోయారు.

తర్వాత వారంలో ఆయన చాప వెనక వరుసకు వచ్చింది. అక్కడ గాలి బాగా తగులుతుందని టీచరుతో చెప్పాడట. ఆయనకు నిద్ర పడుతోందో లేదో కోడలికి తెలియదు. ఆమె ఎప్పుడూ ముందే నిద్రపోయేది.

ఇంట్లో పెద్దగా మారిందేం లేదు. అత్తగారు నెలనెలకూ చిక్కిపోతోంది. రొట్టె నాలుగు ముక్కలనుంచి రెండు ముక్కలకు దిగింది. పొద్దుటి పని, రాత్రి రెండుసార్లలో ఒకసారి డ్రైవరు వంతుకొచ్చాయి. అతను పరిచిన దుప్పటి ముడతలు ముడతలుగా ఉంటుంది. అతను బజారుకు వెళ్ళాక కోడలు అత్తగారి వీపు కింద చెయ్యి పెట్టి ఆ ముడతలు సాపు చేస్తుంది. "వాడితో అనకు," అంటుంది అత్తగారు. వాన పట్టిన రోజు నడుం లాగుతుంది. యోగాతో ఒళ్ళు పాతికేళ్ళది కాదని ఆమెకు తెలిసొచ్చింది. ఈరోజు లేచినట్టే రేపు కూడా లేస్తే చాలు.

ఒక పొద్దున ఆమె క్లాసునుంచి వచ్చేసరికి డ్రైవరు కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పేపరు మోకాళ్ళ మీదినుంచి జారి నేల మీద పడింది. అత్తగారు మెలకువగానే ఉంది. కోడలిని చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"లేపకు. తెల్లారకముందే రెండుసార్లు లేచాడు," అంది గుసగుసగా.

"మీకేమన్నా కావాలా అత్తయ్యా?"

"ఏం వద్దు. కూర్చో."

కోడలు మంచం చివర, ఆవిడ పాదాల పక్కన కూర్చుని కాళ్ళు చాపుకుంది. పెరట్లో బకెట్ నిండా దుప్పట్లు నానుతున్నాయి. పొయ్యి ఇంకా వెలిగించలేదు. అత్తగారి పాదం చల్లగా తగిలితే దాని మీద చెయ్యి వేసింది. దుప్పట్లను ఇంకాసేపు నాననిచ్చింది.