అరవై రెండు చిరునామాలు

పొయ్యి మీద ఎండుచేపలు వేగుతుంటే గ్లెండా ఎదురుగా గోడకు అంటించిన కాగితంకేసి చూస్తూ పెదాలు కదుపుతోంది. అత్తగారు తొంగిచూసింది.

"లాటరీ నంబర్లా? తగిలితే నాకూ చెప్పు."

"ఆఫీసు పరీక్షవి, నానాయ్," అంది గ్లెండా, అత్తగారిని అమ్మా అని పిలిచే అలవాటుతో.

ఇలోయిలో నగరంలోని ఓ ఇంటర్నెట్ కంపెనీలో ఎనిమిదేళ్లుగా ఫోనులో జనం తిట్లు తినడమే గ్లెండా ఉద్యోగం. నెట్‌వర్క్ గదిలో ఒక ఖాళీ పడింది, దానికి పరీక్ష పెట్టారు. కంప్యూటర్లకు ఇచ్చే అంకెల చిరునామాలను ముక్కలు చేసే లెక్క కాగితం మీదే చేయాలి, కాలిక్యులేటర్ ఉండదు. అదే కంపెనీలో తీగలు లాగే ఆమె భర్త రోమెల్ కూడా దరఖాస్తు పెట్టాడు. "అది మిషన్ చేసే పని. నీకెందుకే అంత తాపత్రయం?" అని నవ్వాడు.

రెండువందల యాభై ఆరు చిరునామాలను నాలుగు ముక్కలు చేస్తే ముక్కకు అరవై నాలుగు. మొదటిది ఆ ముక్కకే పేరు, చివరిది అందరినీ ఒకేసారి పిలవడానికి. ఆ రెండూ తీసేయాలి, మిగిలేవి అరవై రెండు. గ్లెండా వాటిని తీసేయడం మరిచిపోయి రోజూ తప్పు చేసేది. జీప్నీ బండిలో ఆఫీసుకు పోతూ వేళ్ల మీద, బట్టలు నానబెడుతూ సబ్బు నురగలో, చిన్న కూతురికి జడ వేస్తూ మనసులో లెక్క కట్టేది. డెబ్బై ఏడు ఏ ముక్కలో పడుతుంది? అరవై నాలుగు దాటింది, నూట ఇరవై ఎనిమిదికి చేరలేదు, అంటే రెండో ముక్క. ఒక ఉదయం ఆ జవాబు వెతక్కుండానే తట్టింది. బడి చదువయ్యాక తనకంటూ ఒక విషయం అర్థం కావడం అదే మొదలు. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ కనిపించలేదు.

పరీక్షలో ఇరవైకి ఇరవై ఆమెకొక్కదానికే వచ్చాయి. రోమెల్ తప్పాడు. వారమైనా కబురు రాకపోయేసరికి ఆమే వెళ్లి సూపర్‌వైజర్ విల్యారూస్‌ను అడిగింది.

"అదేంటి, పిల్లల వల్ల నువ్వు వద్దనుకున్నావని రోమెల్ చెప్పాడే. ఇంట్లో మాట్లాడుకున్నామన్నాడు. ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశాం."

"ఇంకెక్కడైనా ఉందా సర్?"

"బకోలోద్ బ్రాంచిలో ఉంది. పడవెక్కి పోవాలి, అందుకే ఎవరూ అడగడం లేదు. ఇంట్లో అడిగి చెప్పు."

"ఫారం ఇవ్వండి." అక్కడే సంతకం చేసింది.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది. "నేను పాసయ్యానని తెలిసే, వద్దనుకున్నానని చెప్పావా?"

రోమెల్ కంచంలోంచి తలెత్తలేదు. "తెలిశాకే. అమ్మకి మోకాళ్లు బాగాలేవు. నేనేమో తప్పాను. అందరూ ఏమనుకుంటారు?"

"సోమవారం బకోలోద్ పోతున్నాను. ఆదివారాలు వస్తాను."

"మరి పిల్లలో?"

"వాళ్లకి నాన్న ఉన్నాడుగా."

ఆ మాటకు అత్తగారి చేయి నోటి దగ్గరే ఆగిపోయింది. చిన్నది గుమ్మంలో నిలబడి అంతా వింటోందని గ్లెండా అప్పుడు చూసింది. దాన్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు ఏడ్చింది. వెళ్లననే మాట మాత్రం అనలేదు.