ఈ పాప నటిస్తున్నది

రుచితను నేను మొదటిసారి చూసినప్పుడు ఆ పిల్లకు ఆటిజం. వారం తిరిగేసరికి బుద్ధిమాంద్యం వచ్చింది. దసరా సెలవులు అయ్యేలోగా చెవుడు కూడా వచ్చిపడింది. ఒక్క పిల్లకే ఇన్ని పెట్టాడేమిటని దేవుణ్ణి తిట్టుకోకండి. పెట్టింది దేవుడు కాదు, మా ఆన్‌లైన్ బ్యాచి. రుచిత మా జహీరాబాద్‌లోనే ఇంగ్లిష్ మీడియం బడిలో చదువుతుంది. క్లాసులో ఫస్టు. చెవులు ఎంత చురుకంటే పక్కింట్లో కుర్‌కురే ప్యాకెట్ చింపినా వినిపిస్తుంది.

అసలు సంగతి చెబుతాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ టీచర్ కావాలని నేను ఆన్‌లైన్ ట్రైనింగ్‌లో చేరాను. సాయంత్రం మా ఆయన రాజశేఖర్ షాపులో ఉండగా, పోపుడబ్బాకు ఫోన్ ఆనించి క్లాసులు వినేదాన్ని. పాఠాలు బాగానే చెప్పేవారు. పిల్లను చూడండి, లోపాన్ని కాదు అనేవారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే మా అత్తమ్మ బసమ్మకు కూడా వినిపించాను. చెప్పేటందుకే నీతులు అని నాకు అప్పటికి తెలియదు.

చివర్లో ప్రాక్టికల్. లోపమున్న ఒక బిడ్డకు మనం పాఠం చెబుతుండగా వీడియో తీసి పంపాలి. అది పాసైతేనే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, ఒక నంబరు. ఆ నంబరే మా లైసెన్సు. అది లేకుండా ఏ బడీ మమ్మల్ని స్పెషల్ టీచర్‌గా పెట్టుకోదు. మా వీధి చివర బడి నడిపే పార్వతమ్మ మేడం ఒక్కటే మాట చెప్పింది. జూన్‌కల్లా నంబరు తెస్తే నాకొక గది ఇస్తుంది, అదే రోజు వర్షితను కూడా చేర్చుకుంటుంది. తేకపోతే నేనూ లేను, వర్షితా లేదు.

వర్షిత బాలమణి కూతురు. బాలమణిది ఝరాసంగం అవతల ఒక పల్లె. ఆకుకూరలు గంపకెత్తుకుని షేర్ ఆటోలో వచ్చి మా షాపు ముందు అమ్ముతుంది. తొమ్మిదేళ్ళ కూతుర్ని పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. మామూలు బళ్ళో కూర్చోదు, చూసుకునే టీచర్ లేదు, ఇంటి దగ్గర ఒక్కదాన్నే వదిలి రావడానికి లేదు. వర్షితకు మాటలు తక్కువ, పని ఆలస్యంగా అందుకుంటుంది. గట్టి చప్పుడైతే చెవులు మూసుకుంటుంది. అందుకున్న పనిని మాత్రం వదలదు. నేను రోజూ మధ్యాహ్నం షాపు వెనక గదిలో ఆ పిల్లతో కూర్చునేదాన్ని. ఎవరి కోసమైతే ఈ చదువు మొదలుపెట్టానో ఆ పిల్ల ఎదురుగా ఉండగా, ప్రాక్టికల్‌కు ఇంకెవర్నో ఎందుకు వెతుక్కుంటాను?

కానీ మా బ్యాచిలో చాలామంది వెతుక్కున్నారు. నిజంగా లోపమున్న పిల్లలు చెప్పినప్పుడు కూర్చోరట, వీడియో పాడవుతుందట. అందుకని మామూలు పిల్లలతో వేషం వేయించారు. మా ఊళ్ళో కంప్యూటర్ సెంటర్ నడిపే శివకుమార్ నా బ్యాచిమేటే. రుచిత అతని అక్క కూతురే. మొదట తన వీడియోకు పెట్టుకున్నాడు. అది బాగుందని పేరొచ్చాక న్యాల్‌కల్ నుంచి ఒకరు, చిరాగ్‌పల్లి నుంచి ఒకరు వచ్చి ఆ పిల్లను అడిగి తీసుకెళ్ళారు. పెళ్ళిళ్ళకు గుండిగలు అడిగి తీసుకెళ్ళినట్టు. పనైపోయాక ఒక చాక్లెట్ ఇచ్చి దింపి వెళ్ళేవారు.

నా మీద జాలిపడి శివకుమార్ ఒకరోజు షాపుకొచ్చాడు. "అక్కా, నీకెందుకింత తక్లీఫ్? మా రుచితను పంపుత. నాలుక బయటవెట్టు అంటే పెడ్తది, కండ్లు తిప్పు అంటే తిప్పుతది. ఒక్క టేకుల అయిపోతది" అన్నాడు. ఏదో అప్పడాల పిండి కలపడంలో సాయం చేస్తానన్నంత మామూలుగా అన్నాడు. వద్దు తమ్మీ అన్నాను. షాపులో గిరాకీ ఉందని అటు తిరిగాను.

అతను వెళ్ళాక, ఆ రుచిత ఎందుకు, ఇంట్లో మన కూతురే ఉంది కదా అని మా ఆయన నవ్వులాటకు అన్నాడు. అంతే, అత్తమ్మ లేచింది. అసొంటి వేషం మన పిల్లతో వేయించొద్దు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అంది. అప్పుడే ఆమె నోట తెలిసింది, రుచిత వాళ్ళమ్మ కూడా ప్రతి వీడియో తర్వాత ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తుందని. నాకు ఒళ్ళు మండిపోయింది. వేషం తప్పని ఒక్కరికీ తోచలేదు. అది అంటుకుంటుందనే భయం. వర్షిత లాంటి పిల్లలంటే వీళ్ళకు దిష్టి తీసి పొయ్యిలో పారేయాల్సిన పీడ. ఆ పొగ వదిలాక మళ్ళీ వీళ్ళే పిల్లను చూడండి, లోపాన్ని కాదు అని పరీక్షలో రాస్తారు.

సరే, నేను నా పాఠం తయారుచేసుకున్నాను. వాళ్ళమ్మ చేతుల్లో రోజూ చూసే పనే ఎంచుకున్నాను. చేటలో కందులూ పెసలూ కలిపి పోసి, వేరుచేసి రెండు గిన్నెల్లో వేయడం. పని పెద్దదైతే ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కే నేర్పాలి. ముందు ఒక గింజ తీయడం. తర్వాత దాన్ని చూడడం. తర్వాత గిన్నె వెతకడం. అన్నీ అయ్యాక ఎదురుగా ఉన్న సామానంతా బుట్టలో సర్ది, "అయింది" అని చెప్పడం. ఒక్కో ముక్కకు వారాలు పట్టింది. మొదట్లో గింజలు చల్లేసేది, చేట బోర్లించేది. ఒకరోజు కంది గింజ పెసల గిన్నెలో వేసి, తనే ఆగి, తీసి సరైన గిన్నెలో వేసింది. నేను బాలమణిని కేకేసి పిలిచాను. ఆమె కొత్తిమీర కట్టలు అట్లాగే వదిలేసి వచ్చింది. ఇద్దరం ఏడ్చాం, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ పాఠాన్నే వీడియో తీసి పంపాను. వర్షిత చివరిదాకా కూర్చుంది. ఒక్క గింజ కూడా తప్పలేదు.

వారానికి మహిధర్ సార్ ఫోన్ చేశాడు. ప్రాక్టికల్స్‌కు మార్కులు వేసేది ఆయనే. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదే నన్ను మరీ కాల్చింది.

"మేడం, మీ వీడియో రిజెక్ట్ చేస్తున్నాం. ఈ పాప నటిస్తున్నది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"మామూలు పాపను కూర్చోబెట్టి తీశారని చూస్తేనే తెలుస్తోంది. ఎన్ని వీడియోలు చూశాం మేము! అసలైన పిల్లలు ఎట్లా ఉంటారో మాకు తెలియదా? కావాలంటే శివకుమార్ వీడియో చూడండి. ఆ పాప ఎంత న్యాచురల్‌గా ఉందో."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ పాప క్లాసులో ఫస్టు సార్ అని చెప్పాను. ఆయన, ఇతరుల మీద ఫిర్యాదులు చేయడం టీచర్‌కు తగదు, మీ సంగతి చూసుకోండి అన్నాడు. వర్షితకు డాక్టర్లు ఇచ్చిన సర్టిఫికెట్ పంపాను. కాగితాలు ఎవరైనా తెస్తారు, మార్కులు వీడియోకే అన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. చెట్టు నిండా కుండలు కట్టింది వాళ్ళు, వాసన నా నోట్లోనట. చివరికి దయతలిచి ఒక అవకాశం ఇచ్చాడు. ఆదివారం వీడియో కాల్‌లో పాఠం చెప్పి చూపించాలి. పాపకు లక్షణాలు స్పష్టంగా కనబడాలి. నోరు, చూపు, అట్లాంటివి. కనబడితే పాస్.

బాలమణికి చెప్పకుండా ఉండలేకపోయాను. పిల్లను మళ్ళీ కూర్చోబెట్టాలంటే కారణం చెప్పాలి కదా. ఆమె పాలకూర కట్టలు కడుతూ అంతా విన్నది. చేతులు ఆగలేదు.

"గట్ల నోరు తెరుచుకొని, సొంగ కార్చుకుంట ఉంటెనే పాసు చేస్తరా మేడం?" అంది.

అట్లాగే అన్నారని చెప్పాను.

"అయితే చెప్త తియ్యున్రి. నోరు మూసుకొనుడు నేర్పనీకి నాకు మూడేండ్లు పట్టింది. తెరువుమని చెప్పనీకి ఎంతసేపు?"

అప్పుడు గుర్తొచ్చింది, ఆమె చేసే పని. ఆటోలో గానీ, చేనుగట్టు మీద గానీ, గంప ముందు బేరాల మధ్య గానీ, కూతురి నోరు తెరుచుకుంటే చాలు, గదవ కింద, గడ్డానికి వేలు పెట్టి మెల్లగా పైకి తాకేది. పిల్ల నోరు మూసి మింగేది. అది అలవాటైన ముద్దు అనుకున్నాను ఇన్నాళ్ళూ. పుస్తకాల్లో వెతికి నేను నేర్చుకునే పనిని, ఈమె తన బిడ్డను నలుగురూ నవ్వకూడదని ఒక్కతీ చేసుకుంది. ఇప్పుడా కష్టాన్నంతా నా నంబరు కోసం వెనక్కి తీసి ఇస్తానంటోంది. వద్దక్కా అన్నాను. ఆమె వినిపించుకోలేదు. మీకు నంబరొస్తేనే గదా దీనికి బడి అంది.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, వెనక గదిలో చాప వేశాం. ఫోన్‌ను పీట మీద నిలబెట్టాను. వర్షిత చేట ముందు కూర్చుంది. బాలమణి ఫోన్‌లో కనబడకుండా గుమ్మం దగ్గర కూర్చుంది. తెర మీద మహిధర్ సార్, పక్కన ఇంకొకాయన. వర్షిత ఒక గింజ తీసింది, చూసింది, గిన్నె వెతికింది. మేము లేనట్టే పని చేసుకుంటోంది. కాసేపటికి సార్ దగ్గాడు. మేడం, మళ్ళీ అదే వీడియో కదా, మేము చెప్పిందేమిటి, మీరు చేస్తున్నదేమిటి అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గరి నుంచి బాలమణి మెల్లగా అంది.

"వర్షితా, నోరు తెరువు బిడ్డా."

పిల్ల చెయ్యి గింజ మీదే ఆగిపోయింది. తల్లి వైపు చూసింది. ఆ మాట ఆ గొంతులోంచి ఎప్పుడూ విని ఉండదు. ఏదో తప్పు చేశాననుకున్నట్టుంది. తన వేలు తనే గదవ కింద పెట్టుకుని, పైకి తాకి, పెదాలు బిగించి మింగింది. ఇంకోసారి తాకి, ఇంకోసారి మింగింది. బాగా చేశానా అన్నట్టు తల్లి వైపు చూసింది.

బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది.

తెర మీద మహిధర్ సార్ పక్కాయనతో, చూశారా, ట్రైనింగ్ ఇచ్చి తెచ్చారు అంటున్నాడు.

"ఇచ్చినం సార్" అన్నాను. "వాళ్ళమ్మ ఇచ్చింది, మూడేండ్లు. మీకు లోపం కనబడ్తలేదంటే అదే ఆమె నేర్పిన పాఠం. దాన్ని చెడగొట్టి నేను పాసు గాను. రాసుకోన్రి, ఫెయిలని."

సార్ ముఖం ఎర్రబడింది. క్రమశిక్షణ గురించి, సంస్థ ప్రతిష్ఠ గురించి మొదలుపెట్టాడు. జూన్ గుర్తొచ్చింది. పార్వతమ్మ మేడం ఇస్తానన్న గది గుర్తొచ్చింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మళ్ళీ పరీక్ష పెడితే మళ్ళీ కూర్చుంటాను. ఇదే పిల్లతో, ఇదే చేటతో.

ఈలోగా వర్షిత పని ముగించింది. కందులు ఒక గిన్నెలో, పెసలు ఒక గిన్నెలో. రెండు గిన్నెలూ బుట్టలో పెట్టింది. ఎదురుగా ఇంకేమైనా మిగిలిందా అని చూసింది. పీట మీద ఫోన్ ఉంది, అందులో మహిధర్ సార్ ఇంకా మాట్లాడుతున్నాడు. దాన్ని తీసి, ఆయన మాట్లాడుతుండగానే గిన్నెల పక్కన జాగ్రత్తగా సర్దింది. పైన చేట బోర్లించింది.

"అయింది" అంది.

నేను ఆ చేట ఎత్తలేదు.