కల్బాలో కనపడలేదు

గల్ఫ్ దేశంలోని సముద్రపు ఒడ్డు ఊరు కల్బాలో, అరబ్బు ఆడవాళ్లు వేసుకునే అబాయాలు కుట్టే దుకాణంలో ప్రేమది కిటికీ పక్క మిషను. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి భర్త నరేశ్ వెంట వచ్చింది. కరోనా రోజుల్లో దుకాణం మూతపడినప్పుడు తోటి కుట్టుపనామె నాజియా ఆమె ఫోనులో ఒక వెబ్‌సైటు తెరిచి ఇచ్చింది. ఉత్తర దేశాల ఆకాశంలో పరదాలా ఊగే పచ్చని వెలుగును అరోరా అంటారు. దాని ఫోటోలు అందులో వేలకొద్దీ ఉంటాయి. అది నిజంగా అరోరానా, మబ్బా, వీధి దీపమా అని మామూలు జనం చూసి చెబితే శాస్త్రవేత్తలు వాడుకుంటారు. ఏ ఊళ్లో కనపడిందో నమోదు చేసే మ్యాపూ అందులోనే ఉంటుంది: 'చూశాం' అని నొక్కితే పచ్చచుక్క, 'చూడలేదు' అంటే ఎర్రచుక్క.

"జీతం లేని నౌకరి దొరికింది నీకు," అని నరేశ్ నవ్వేవాడు. ప్రేమ మాత్రం మానలేదు. తాను ఎన్నడూ చూడని ఆకాశం గురించి తన మాట అడిగేవాళ్లు లోకంలో ఉన్నారంటే ఆమెకు అబ్బురంగా ఉండేది.

2024 మేలో సూర్యుడి నుంచి పెద్ద తుఫాను వస్తోందని, ఎన్నడూ లేని చోట్ల కూడా అరోరా కనపడవచ్చని వార్తలొచ్చాయి. అందరికీ ఆ సంగతి చెప్పింది ప్రేమే. వెబ్‌సైటు లింకు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ ఆమే. శుక్రవారం సాయంత్రం కల్బా తెలుగువాళ్లంతా సముద్రపు ఒడ్డున చాపలు పరిచి ఉత్తరం దిక్కు చూస్తూ కూర్చున్నారు. ఆ దిక్కున ఫుజైరా పోర్టు దీపాలు, లంగరేసిన ఓడలు, వాటి పైన దుమ్ములో పసుపు మసక. అంతకు మించి ఏమీ లేదు. పిల్లలు ఒళ్లోనే నిద్రపోయారు. అందరూ చాపలు చుట్టుకుని ఇళ్లకు వెళ్లారు.

తెల్లారేసరికి దయాకర్ ఫోటో ఊరంతా తిరుగుతోంది. అతను తెలుగు సంఘానికి పెద్ద. నరేశ్ నీళ్ల ట్యాంకర్ డ్రైవరుగా పనిచేసే కంపెనీలోనే దయాకర్ వీసా కాగితాల పని చూస్తాడు. ఫోటోలో ఆ పసుపు మసకే గులాబీ రంగుకు తిరిగింది. కింద 'కల్బా ఆకాశంలో అద్భుతం' అని రాసి ఉంది. ఒడ్డుకు వచ్చినవాళ్లంతా ఆ వెబ్‌సైటులో 'చూశాం' అని నొక్కాలని, మన పేరు ప్రపంచానికి తెలుస్తుందని గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

ప్రేమ 'చూడలేదు' అని నొక్కింది. మ్యాపులో కల్బా మీద లేచిన పచ్చచుక్కల మధ్య ఒక ఎర్రచుక్క పడింది.

మరునాడే దయాకర్ దుకాణానికి వచ్చి ఆమె మిషను పక్కన నిలబడ్డాడు.

"ప్రేమా, ఆ ఎర్రచుక్క నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టిన అన్నా."

"తీసెయ్యి. కనవడకపోతే సప్పుడు చెయ్యకుండ ఉండాలె. లేదని రాసుడేంది?"

"లేదని చెప్పుడు గుడ అండ్ల పనే. ఆ వెలుగు ఏడిదాకా వచ్చింది, ఏడ ఆగింది, వాళ్లకు ఎర్కగావాలె."

"ఎవలో తెల్లోళ్ల పనితోని నీకేంది? నరేశ్ వీసా రెన్యువల్ దగ్గరికొచ్చింది. యాదికున్నదా?"

నాజియా మిషను ఆగిపోయింది.

"యాదికున్నదన్నా. అయినా నాకు కనవడలే."

ఆ సంగతి విని నరేశ్ మండిపడ్డాడు. "ఒక్క బటన్ ఒత్తితే ఖలాస్ అయిపోతుండె. వీసాతోని ఆటలా?"

"నువ్వు ఒత్తినవా?"

"అన్న అడిగిండు. ఒత్తిన."

"నీకు కనవడ్డదా?"

అతను చెప్పులు విప్పి మూలకు నెట్టాడు.

"గీ దేశంల పొద్దందాక ఎవలేం చెప్తే అది చేస్తున్న," అంది ప్రేమ. "కుట్టుమంటే కుడుతున్న. కుట్లు ఊడదియ్యుమంటే ఊడదీస్తున్న. నా కండ్లు ఏం చూసినయో గదిగుడ ఇంకొకలు చెప్పాల్నా?"

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం దయాకర్ ఇంట్లో సంఘం భోజనాలు. మన దేశం నుంచి ఒక తెలుగు టీవీ చానెల్ వాళ్లు వీడియో కాల్ చేస్తారట. ప్రేమను పిలవలేదు. ఆమె సర్వపిండి డబ్బా పట్టుకుని వెళ్లింది. నరేశ్ వద్దు వద్దంటూనే వెనక నడిచాడు.

"అక్కడున్నవాళ్లంతా చూశారా?" అని ఫోనులోంచి విలేఖరి అడిగాడు.

దయాకర్ ఫోను హాలు మొత్తం కనపడేలా తిప్పాడు. "అందరు చూసిండ్రు సార్."

ప్రేమ లేచి ఫోను ముందు నిలబడింది. "నేను గుడ ఆడనే ఉన్న సార్. నాకేం కనవడలే. ఫుజైరా పోర్టు లైట్లే కనవడ్డయ్."

దయాకర్ కాల్ కట్ చేశాడు.

"బయటికి నడువు," అన్నాడు.

"తిని పోత అన్నా," అంది ప్రేమ. పళ్లెం తీసుకుని, అన్నం వడ్డించుకుని, హాలు నడుమ చాప మీద కూర్చుంది. నిదానంగా తినసాగింది.

కాసేపటికి శాంతిప్రియ వచ్చి పక్కన కూర్చుంది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ అరబ్బుల ఇంట్లో వంట చేస్తుందామె. "నాకూ ఏం కనపడలేదండి. ఆయన చెప్పారని చూశానని నొక్కేశాను. ఇప్పుడు మార్చుకోవచ్చా?" అని మెల్లగా అడిగింది.

"మార్చొచ్చు. ఫోన్ తియ్యక్కా."

ఎక్కడ తెరవాలో, ఏది నొక్కాలో హాలంతా వినపడేలా చెప్పింది ప్రేమ. గోడవార కూర్చున్న ఇద్దరు తలలు వంచి తమ ఫోన్లు తీశారు. దయాకర్ వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఆ చానెల్ ఆ ఫోటోనే వేసింది. ప్రేమ మాట వేయలేదు. దయాకర్ ఆమెను గ్రూపులోంచి తీసేశాడు. వీసా కోసం నరేశ్ అతని దగ్గరికి పోకుండా నేరుగా ముదీర్ అని పిలిచే కంపెనీ మేనేజరు గదికి వెళ్లాడు. ముదీర్ తలెత్తి కూడా చూడకుండా పాస్‌పోర్టు తీసుకుని, వారం ఆగి రమ్మన్నాడు. అంతే, దయాకర్ ఊసే రాలేదు.

మ్యాపులో కల్బా మీద పచ్చచుక్కలే ఇప్పటికీ ఎక్కువ. అయినా ఎర్రవి పెరిగాయి.

"అండ్ల ఒకటి నాది," అన్నాడు నరేశ్, అన్నం తింటూ.

"నాకోసం మార్చినవా?"

"నీకోసం కాదు. నాకు గుడ కనవడలే."