ఉన్నా మంచిదే

అద్దం మీద ఏమీ లేదు. అయినా పూలమ్మ దాన్ని మళ్ళీ తుడిచింది. మెత్తబడిన పాత నూలుచీర ముక్కను చూపుడువేలికి చుట్టి, అంచుల వెంట ఒకసారి, మధ్యలో ఒకసారి తిప్పి, మీట నొక్కి, ఎదురుగోడ మీద పడిన వెలుగు చుక్కను చూసి, ఆర్పి, కిటికీలోంచి చాచిన చేతిలో దీపాన్ని పెట్టింది. ఆ చేయి వెళ్ళిపోయింది. మరో చేయి వచ్చింది. మొదటి షిఫ్టు వాళ్ళు గనిలోకి దిగే వేళ బొగ్గుబాయి దీపాల గదికి మనుషులు ముఖాలతో రారు, చేతులతో వస్తారు. చిటికెనవేలు లేని చేయి, మణికట్టుకు పెళ్ళికంకణం ఇంకా విప్పని చేయి, ఏ సబ్బుకూ లొంగని నలుపును గోళ్ళ కింద దాచుకున్న చేతులు. చేయి చూసి ఎవరి దీపం ఏదో తీసివ్వడం ఆమెకు అలవాటు. ఈ ఉదయం ఆ అలవాటు తప్పింది. ఒకరి దీపం మరొకరికి అందించి, కేకేసి వెనక్కి పిలిచి మార్చవలసి వచ్చింది.

కుడి రొమ్ములో గడ్డ ఉన్న సంగతి బయటపడి నెల కావస్తోంది. సూదితో తీసిన ముక్కను పరీక్షించి క్యాన్సరేనని చెప్పారు. అది ఉన్నచోటే ఉందా, ఎముకలకో కాలేయానికో పాకిందా అన్నది తేల్చడానికి మొన్న హైదరాబాదులో ఒళ్ళంతా స్కానింగు తీశారు. నరంలోకి మందు ఎక్కించి, తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, ‘కదలొద్దమ్మా, మాట్లాడొద్దు’ అన్నారు. బుద్ధెరిగిన తర్వాత ఆమెను కదలవద్దని ఎవరైనా కోరడం అదే మొదలు. రిపోర్టు ఇవాళ కొడుకు రుత్విక్ ఫోనుకు వస్తుందన్నారు. ఏ వేళకో చెప్పలేదు. చెప్పకపోవడం వారి దృష్టిలో ఒక విషయమే కాదు.

“ఏంది చెల్లె, నా బత్తికి పెండ్లిచూపులున్నయా? గింత తోముతున్నవు?”

కిటికీ అవతల పోశం. మరో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. ఏళ్ళ బొగ్గు ఇంకిన ముఖంలో, నవ్వితే కళ్ళ చుట్టూ ముడతల్లో మాత్రమే అసలు చామనచాయ కనిపిస్తుంది.

“నిన్నైతే ఎవ్వరు చూడరు పోశన్నా, నీ బత్తినన్న చూడనియ్యి” అంది వెనక నుంచి షాహీదా, ఛార్జింగు తీగలు విప్పుతూ. పూలమ్మతోపాటు పదేళ్ళుగా అదే గదిలో పనిచేస్తున్న మనిషి ఆమె.

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. పోశం కిటికీకి దగ్గరగా వంగి గొంతు తగ్గించాడు.

“రిపోర్టు వచ్చిందా?”

“రాలె అన్నా.”

“ఫికర్ చెయ్యకు. ఉన్నా మంచిదే, లేకున్నా మంచిదే. ఉంటే రుత్విక్‌కు ఒక దారైతది.”

అతని గొంతులో కపటం లేదు. దీపాన్ని టోపీకి తగిలించుకుని, అదే చేత్తో కిటికీ చట్రాన్ని రెండుసార్లు ఆప్యాయంగా తట్టి, దిగడానికి వెళ్ళిపోయాడు.

పూలమ్మకు కోపం రాలేదు. అది కోపం రావలసిన మాట అని కూడా ఆమెకు తోచలేదు. కార్మికుడు ఇక పనికి పనికిరాడని వైద్యుల బోర్డు తేలిస్తే, అతని బిడ్డల్లో ఒకరికి పని దొరుకుతుంది. పొయ్యి ఆరిపోకూడదని పుట్టిన నిబంధన అది, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ రెండు మూడు తరాలు ఆ నిబంధన నీడలో బతికిన మనుషులు రోగిని పలకరించే పద్ధతినే మార్చుకున్నారు. ఎవరైనా దగ్గితే, విన్నవాడు ముందుగా ఆ దగ్గేవాడి కొడుకు ఈడు ఎంతో గుర్తుచేసుకుంటాడు. చదువుకున్న పిల్లలకు మరో తోవ చూపలేని లోకం ఈ పలకరింపును వాళ్ళకు నేర్పింది. నేర్పిన లోకానికి సిగ్గు లేదు గనుక, నేర్చుకున్నవాళ్ళూ సిగ్గుపడటం మానేశారు.

పూలమ్మ మామ ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే ఆ పని ఆమె భర్త కొమురెల్లికి వచ్చింది. కొమురెల్లి మీద పైకప్పు బండ కూలితే పని పూలమ్మకు వచ్చింది. కొమురెల్లి టోపీకున్న దీపం మాత్రం చెడలేదు. శుభ్రం చేసి మరొకరికి ఇచ్చారు. ఈ గదిలో చేరిన తొలిరోజు ఆమె కళ్ళు వెతికింది దాన్నే. ఆ రకం దీపాలు పాతబడి తుక్కుకు పోయేదాకా దాన్ని తానే తుడిచింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పదగిన విషయమని అనుకోలేదు.

షిఫ్టు గనిలోకి దిగింది. కిటికీ ఖాళీ అయింది. కూర్చోవలసిన సమయం అది. పూలమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన గదినే ఊడ్చింది. తీగలన్నింటినీ ఒకే వైపుకు చుట్టింది. నచ్చక విప్పి రెండో వైపుకు చుట్టింది. అన్నం సంచిలో ఉన్న ఫోను తీసి, వెలుగుతోందో లేదో చూసి, మళ్ళీ లోపల పెట్టింది. కొడుక్కి తానే ఫోను చేసి అడగవచ్చు. అడిగితే అతని గొంతు వినాలి. ఆ గొంతులో ఏది వినిపిస్తుందోనన్న భయం రోగం భయం కంటే పెద్దది.

“పూలక్కా, కూసో జర. నిన్ను చూస్తుంటే నాకు తల తిరుగుతుంది.”

“కూసుంటే ఫోను దిక్కే చూపు పోతుంది షాహీదా.”

“రిపోర్టు గురించేనా?”

పూలమ్మ చీపురును మూలకు ఆనించింది. అది జారి పడింది. మళ్ళీ ఆనించింది.

“రుత్విక్ పొద్దుగాల ఉరుకుతున్నడు” అంది.

మిగతాది ముక్కలుగా చెప్పింది. డిగ్రీ చదివి, సెల్‌ఫోన్ల దుకాణంలో కొన్నాళ్ళు, ఏమీ చేయకుండా కొన్నాళ్ళు గడిపిన కొడుకు. ఎండ మంచం మీదికి వచ్చేదాకా లేవని కొడుకు. సూది పరీక్ష ఫలితం వచ్చిన వారంలోనే తెల్లబూట్లు కొనుక్కుని తెల్లవారుజామున మైదానానికి పోవడం మొదలుపెట్టాడు. కొత్తగా పనిలో చేరేవాడు వైద్య పరీక్షలో నెగ్గాలి. ఒంట్లో కొవ్వు ఉండకూడదు, ఊపిరి నిలవాలి. ఒక సాయంత్రం ఆమె మరిది రఘుపతి ముందరి వసారాలో నిలబడి, దర్జీ టేపుతో వాడి ఛాతీ కొలిచాడు. ‘పీల్చు. పట్టు. ఇగ ఇడువు.’ ఆమె వంటింట్లో పప్పు కలుపుతోంది. గరిటె ఆగితే తాను విన్నట్టు వాళ్ళకు తెలుస్తుంది గనుక, పప్పు అడుగంటిన తర్వాత కూడా కలుపుతూనే ఉంది.

“అడిగినవా పోరన్ని?”

“ఏమని అడుగుత? నేను పనికిరాకుంట పోతనని ఉరుకుతున్నవా బిడ్డా అని అడుగుతరా?”

షాహీదా ఆమె పక్కకు వచ్చి, మూలన ఉన్న చీపురును తీసి నేల మీద పడుకోబెట్టింది.

“అల్లా కసం అక్కా, ఆ రిపోర్టుల ఏం ఉండొద్దు. ఏమంటే ఏం ఉండొద్దు. నువ్వు పోతే ఆ పోశన్న మొకం దినాం నేనొక్కదాన్నే చూడాలె.”

పూలమ్మ నవ్వింది. నవ్వు మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నెల రోజులుగా ఆమె చెవులు రిక్కించింది ‘ఏం ఉండొద్దు’ అన్న ఆ ఒక్క మాట కోసం. ఇరుగూ పొరుగూ ధైర్యం చెప్పారు, దేవుడున్నాడన్నారు, దారి దొరుకుతుందన్నారు. ఉండకూడదని మాత్రం ఎవరూ కోరుకోలేదు. ఆ మాట తన ఇంట్లోంచి ఒక్కసారి వినిపిస్తే, పాకిన రోగంతోనైనా బతకగలనని ఆమెకు అనిపించింది.

డ్యూటీ దిగి క్వార్టరు చేరేసరికి రఘుపతి ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. గనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఎవరికి ఏ బోర్డు ఎప్పుడుందో కాలనీలో అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రుత్విక్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఫోను ఇద్దరి మధ్యా స్టూలు మీద ఉంది. పూలమ్మ కాళ్ళు కడుక్కుంది. నీళ్ళ బిందె జరిపింది. అక్కరలేకపోయినా టీ పెట్టింది. టీ పొంగుతుండగా ఫోను మోగింది.

రుత్విక్ స్పీకరు నొక్కాడు. ఆడపిల్ల గొంతు, తొందరలో ఉంది. “పూలమ్మగారి తరఫునేనా అండీ? రిపోర్టు పంపించాం. డాక్టరుగారు చూశారు. గడ్డ దగ్గర తప్ప వేరే ఎక్కడా లేదు. ఎల్లుండి అడ్మిట్ కావాలి, ఆపరేషనుకు.”

“ఎక్కడ లేదా?” రఘుపతి కుర్చీలో ముందుకు వంగాడు. “మంచిగ చూసిన్రా బిడ్డా?”

“చూశారండీ. ఎక్కడా లేదు.”

రుత్విక్ ఫోను ఆపేశాడు. పూలమ్మ వంటింటి గుమ్మంలో టీ గిన్నెను పట్టకారుతో పట్టుకుని నిలబడి ఉంది. మరణశిక్ష తప్పిన మనిషి గుమ్మంలో నిలబడితే ఇల్లు చేయవలసిన చప్పుడు ఒకటి ఉంటుంది. అది రాలేదు.

“మంచిదే” అన్నాడు చివరికి రఘుపతి, చొక్కా మడత సవరించుకుంటూ. “మంచిదే తియ్యి.”

రోగం ఉన్నా మంచిదేనని గడగడా చెప్పగలిగిన ఊళ్ళో, లేకపోవడం మంచిదని చెప్పడానికి నాలుక అంత కష్టపడింది.

పూలమ్మ కొడుకు ముఖం కోసం చూసింది. అది కనిపించలేదు. అతను వంగి తెల్లబూట్ల నాడాలు ముడివేసుకుంటున్నాడు. లేచి, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి, ఆ మండుటెండలో పరుగెత్తాడు. మైదానం ఎడమవైపు ఉంది. అతను కుడివైపు పరుగెత్తాడు.

రఘుపతి టీ తాగకుండానే వెళ్ళాడు. పూలమ్మ ఆ టీ తాను తాగింది. పెరట్లో ఆరిన బట్టలు తెచ్చి మడిచింది. మడిచినవి విప్పి, దవాఖానకు తీసుకుపోవలసినవి వేరు చేసింది. పొద్దు వాలుతుండగా రుత్విక్ తిరిగొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆమె చెంబుతో నీళ్ళు ఇచ్చి పక్కన కూర్చుంది.

“ఇగ ఉరుకుడు ఎందుకురా? బోర్డు లేదు, ఏం లేదు.”

అతను తాగడం ఆపాడు. “నీకు ఎరుకేనా?”

“నీ ఛాతి కొలిచిననాడు నేను ఇంట్లనే ఉన్న.”

చెంబు అంచును అతను బొటనవేలితో రుద్దాడు.

“కాక చెప్తే పోయిన. అబద్ధం ఎందుకు? ఫస్టు రోజు గందుకే పోయిన.”

“ఉండాల్ననుకున్నవా బిడ్డా, ఉండొద్దనుకున్నవా?”

ఆమె గొంతులో నింద లేదు. బత్తి వెలుగుతోందా లేదా అని మీట నొక్కి చూసే మనిషి అడిగినట్టు అడిగింది.

“రెండనుకున్న అమ్మా.” అతను చెంబును మెట్టు మీద పెట్టాడు. “పండుకుంటే నౌకరి కనబడుతుండె. ఛీ అనుకుని లేస్తే నువ్వు కనబడుతుంటివి. ఉరుకుతుంటే రెండు యాదికి రావు. ఆగితే వస్తయి. గందుకే ఆగలె.”

పూలమ్మ కోరుకున్న మాట ఇది కాదు. కానీ ఈ నెలలో ఆ ఇంట్లో ఎవరైనా చెప్పిన మొదటి నిజం ఇది. అద్దం తుడిచి తుడిచి ఎర్రబడిన తన చూపుడువేలిని ఆమె చూసుకుంది. దానికి కొంగు చుట్టి, కొడుకు ముఖం మీది చెమటను తుడిచింది. అంచుల వెంట ఒకసారి, మధ్యలో ఒకసారి.

మర్నాడు తెల్లవారుజాము బస్సుకు బయలుదేరారు. తాళంచెవి తీసుకోవడానికి రఘుపతి వచ్చాడు. ఆటో వీధి చివర ఆగి ఉంది.

“ఆపరేషనైనంక సుత బోర్డుకు పెట్టుకోవచ్చట వదినె. ఎంక్వయిరీ చేసిన. నువ్వేం ఫికర్ చెయ్యకు.”

నిజంగానే ఓదార్పుగా చెప్పాడు. రాత్రంతా ఆలోచించి తెచ్చిన ఓదార్పు అది.

“నేను చేస్తలేను రఘుపతీ. మందులు అయిపోంగనే వచ్చి డ్యూటీ ఎక్కుత. నువ్వే ఫికర్ చేస్తున్నవు.”

రుత్విక్ సంచి భుజాన వేసుకుని, రెండో చేత్తో తల్లి మోచేయి పట్టుకున్నాడు. కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి.

“అరే, బూట్లు లోపల పెట్టిపోరా. ఖరాబైతయి” అన్నాడు రఘుపతి వెనక నుంచి.

“ఉండనియ్యి కాక.”

ఆటో వెళ్ళిపోయింది. రఘుపతి తాళం వేసి, లాగి చూసి, తన దారిన తాను పోయాడు. ఓపెన్‌కాస్ట్ గని వైపు నుంచి బొగ్గుదుమ్ముతో గాలి మళ్ళింది. మెట్టు మీద, నాడాల ముడి విప్పకుండా విడిచిన రెండు తెల్లబూట్లు, మడమల దగ్గర నిన్నటి చెమట తడి ఇంకా ఆరకుండా, వేళ్ళ కొసల నుంచి మెల్లగా నల్లబడుతూ ఉన్నాయి.