ఆరకూడని గుడ్డ

ఆ మధ్యాహ్నం కోడలికి ఒకచోట కాలు నిలవడం లేదు. పాపకి జ్వరమని బడి నుంచి ఫోనొస్తే ఫ్యాక్టరీ నుంచి ఏప్రన్‌తోనే ఉన్నపళంగా వచ్చేసింది. మందు పట్టింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది, పాప నిద్రపోయింది కూడా. అయినా ఏదో మరిచిపోయానన్న గుబులు లోపల తొలుస్తూనే ఉంది.

పొద్దున ఫ్యాక్టరీలో నికెల్, అల్యూమినియం కలిసిన పొడిని కాస్టిక్ సోడా నీళ్ళలో చిటికెడు చిటికెడుగా వేసింది. అల్యూమినియం బుసబుసా పొంగి కరిగిపోయాక, అడుగున మిగిలిన నల్లటి నికెల్‌ని పదకొండు నీళ్ళు కడిగింది. నూనెలకి హైడ్రోజన్ పట్టించి డాల్డాలా గడ్డకట్టించేది అదే. దాన్ని ఎప్పుడూ నీళ్ళలోనే ఉంచాలి. ఆరిందా, గాలి తగిలితే చాలు, దానంతటదే రాజుకుంటుంది. బల్ల మీద ఒలికింది తుడిచి, గుడ్డని నీళ్ళ బకెట్లో వెయ్యబోతుంటే ఫోన్ మోగింది.

పాప నుదుటి మీది గుడ్డ ఆరిందేమోనని తాకగానే ఆమెకి బకెట్లో పడని ఆ గుడ్డ గుర్తొచ్చింది.

"అత్తయ్యా, నా ఏప్రన్ ఏదీ?"

"నానబెట్టా. జేబులో నల్లగుడ్డ ఉంటే గట్టిగా పిండి పొయ్యి పక్కన ఆరేశా. మసిగుడ్డకి పనికొస్తుందిగా."

వంటింట్లోకి ఒక్క ఉరుకు ఉరికింది. గుడ్డ అంచున ఎర్రటి నిప్పు చీమల బారులా పాకుతోంది, పక్కనే గ్యాస్ గొట్టం. పట్టకారుతో లాగి నీళ్ళగిన్నెలో ముంచింది. సుయ్యిమంది.

అత్తగారు గుమ్మంలోంచి పొయ్యి వంక చూశారు.

"పొయ్యి వెలిగించనే లేదే."

"దానికి అగ్గిపుల్ల అక్కర్లేదత్తయ్యా."

"నువ్వు చేసేది ఒట్టి కడుగుడు పనే అన్నావు. మూడేళ్ళ నుంచీ నేనూ అందరికీ అదే చెప్పుకుంటున్నా, మా కోడలు గిన్నెలు తోముతుందేమో అనుకునేలా."

కోడలికి నవ్వు రాలేదు. నిజం చెబితే పని మాన్పిస్తారని భయపడి, ఆ ఒక్క మాటతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

"రేపు దీన్ని నీళ్ళతో సహా ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి, తప్పు నాదేనని చెబుతాను."

అత్తగారు స్టీలు డబ్బా తెచ్చి ముందు పెట్టారు. కోడలు గుడ్డని అందులోకి మార్చి, మునిగేదాకా నీళ్ళు పోసింది. ఆవిడ మూత నొక్కబోయారు.

"బిగించకండి. లోపల గ్యాస్ ఊరుతుంది."

ఆవిడ మూత చేతిలోనే పట్టుకుని ముక్కాలిపీట లాక్కున్నారు.

"ఇంకా ఏమేం దాచావో మొదట్నించీ చెప్పు. మానమని అంటానో అననో విన్నాక చెబుతా."

కోడలు నేల మీదే చతికిలబడి, కాస్టిక్ సోడా దగ్గర మొదలుపెట్టింది.